ఇటలీ పోస్టుమార్టం ఫార్వర్డ్: కొవిడ్ శవాలు నిజంగా ఏం చెప్పాయి?

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలుపెడదాం. కొవిడ్ టైంలో మీ ఇంట్లో ఒక్క ఫోన్ ఉన్నా ఇది మీకు వచ్చే ఉంటుంది. మా నిజాంసాగర్ దిక్కు ఊరి గ్రూపుల్లో, కులం గ్రూపుల్లో, టెన్త్ బ్యాచ్ గ్రూపుల్లో అన్నిట్లో తిరిగింది. సారాంశం ఇది: కరోనాతో చనిపోయినవాళ్ళకు పోస్టుమార్టం చేయొద్దని డబ్ల్యూహెచ్‌ఓ ఆర్డరేసిందట. ఇటలీ ఆ మాట వినకుండా శవాన్ని కోసి చూసిందట. లోపల ఉన్నది వైరస్ కాదు, బ్యాక్టీరియా అట. 5జీ రేడియేషన్ వల్ల అది విషమవుతుందట. మనుషులు చనిపోయేది రక్తం గడ్డకట్టి కాబట్టి వెంటిలేటర్ అక్కర్లేదు, ఆస్పిరిన్ గోళీ చాలట. కింద "అందరికీ షేర్ చేయండి".

ఇది అబద్ధమని మన కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. అయినా ఆగలేదు. కొన్నాళ్ళకు ఇటలీ పేరు తీసేసి రష్యా పెట్టారు, తర్వాత సింగపూర్ పెట్టారు. 2021 జూన్‌లో సింగపూర్ ఆరోగ్య శాఖ తామట్లాంటి పోస్టుమార్టం చేయలేదని స్వయంగా ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

కానీ ఈ మెసేజ్‌లో ఒక్క ముక్క నిజం ఉంది. రక్తం గడ్డకట్టడం నిజం. అది పోస్టుమార్టంలో స్పష్టంగా బయటపడిందన్నదీ నిజమే. ఇటలీలో పోస్టుమార్టాలు జరిగిందీ నిజమే. మరి నిజం ముక్క పట్టుకొని అంత పెద్ద అబద్ధం ఎట్ల తయారైంది? మన దగ్గర అందరూ ఎందుకు నమ్మారు? నా సమాధానం ముందే చెప్తాను. ఆ రోజుల్లో మన చుట్టుపక్కల ఎవరూ శవాన్ని తెరిచి చూడలేదు. చూసినవాళ్ళు చెప్పిన సంగతి తెలుగులో మనదాకా రాలేదు. ఆ ఖాళీలోకి ఫార్వర్డ్ వచ్చి కూర్చుంది. ఆ ఖాళీ వల్ల మనం ఏం పోగొట్టుకున్నామో చూద్దాం.

పోస్టుమార్టం ఎవరికి చేస్తారు?

మా జిల్లా పేపర్ల ఎడిషన్ తీస్తే ఒక వాక్యం కనిపిస్తూనే ఉంటుంది. "మృతదేహాన్ని పోస్టుమార్టం నిమిత్తం ఎల్లారెడ్డి ఆసుపత్రికి తరలించారు", లేకపోతే "బాన్సువాడ ఆసుపత్రికి తరలించారు". కాలువలో పడి చనిపోయినా, రోడ్డు మీద బండి గుద్దినా, పురుగుల మందు తాగినా ఇదే వాక్యం. పోలీసులు పంచనామా రాస్తారు, డాక్టరు శవపరీక్ష చేస్తాడు, రిపోర్టు కోర్టుకు పోతుంది. దీన్ని మెడికో లీగల్ శవపరీక్ష అంటారు. ఫోరెన్సిక్ డాక్టర్ల పని ఇదే. చావు వెనక నేరం ఉందా, ప్రమాదమా, ఆత్మహత్యా అన్నది తేల్చడం.

ఇంకో రకం శవపరీక్ష ఉంది. రోగంతో చనిపోయిన మనిషిని, ఆ రోగం లోపల ఏం చేసిందో తెలుసుకోడానికి తెరిచి చూడటం. దీనికి ఇంటివాళ్ళ ఒప్పుదల కావాలి. మన దేశంలో ఇది చాలా అరుదు. నయం కాని జబ్బుతో మనిషి పోయాక ఇంకా కోస్తామంటే ఏ ఇంటోళ్ళు ఒప్పుకుంటారు? శవాన్ని ముక్కలు చేశారన్న బాధ ఒకవైపు, దహనం ఆలస్యమవుతుందన్న తొందర ఒకవైపు.

ఇప్పుడు కొవిడ్ సంగతి. ఆసుపత్రిలో చికిత్స పొందుతూ కొవిడ్‌తో చనిపోతే అది మెడికో లీగల్ కేసు కాదు. కాబట్టి చట్టప్రకారం పోస్టుమార్టం అక్కర్లేదు. రెండో రకానికి ఎవరూ అడగరు, ఎవరూ ఒప్పుకోరు. అంటే మామూలు పద్ధతిలో పోతే వేల మంది చనిపోయినా ఒక్కరి ఊపిరితిత్తులు కూడా ఎవరూ చూడరన్నమాట.

తలుపులు మూసిన నెలలు

2020 మార్చి 15న కేంద్ర ఆరోగ్య శాఖ కొవిడ్ మృతదేహాల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో శవపరీక్షలు వీలైనంతవరకు మానుకోవాలని ఉంది. మే నెలలో ఐసీఎంఆర్ ఇంకో పత్రం ఇచ్చింది. ఫోరెన్సిక్ కేసుల్లో కూడా శరీరాన్ని కోసే పద్ధతి వాడొద్దు, బయటి పరీక్ష, ఫోటోలు, రికార్డుల ఆధారంగానే తేల్చండి అని. పోలీసులకు నేరం జరిగిందన్న అనుమానం లేకపోతే అసలు పోస్టుమార్టమే మినహాయించొచ్చు అని.

అంటే మన ఫార్వర్డ్‌లో "డబ్ల్యూహెచ్‌ఓ ఆర్డర్" అని చెప్పిన దానికి మూలం ఇట్లాంటి జాగ్రత్తలే. కానీ ఇవి కుట్ర కాదు. పోస్టుమార్టంలో పుర్రె తెరవడానికి కరెంటు రంపం వాడతారు. అది ఎముకను కోసేటప్పుడు సన్నటి తుంపర్లు గాల్లోకి లేస్తాయి. గాలిని బయటికి లాగి వడకట్టే ఏర్పాటున్న ప్రత్యేక గది ఉంటేనే ఆ పని భద్రం. మన జిల్లా మార్చురీలు తలుచుకోండి. ఒక గది, ఒక బల్ల, ఒక ఫ్యాను. అక్కడ పనిచేసేవాళ్ళకు సరైన మాస్కులు కూడా లేని రోజులవి. వాళ్ళ ప్రాణం గురించి ఆలోచించి ఆపారంటే తప్పు పట్టలేం.

జర్మనీ కూడా మొదట ఇట్లనే చేసింది. అక్కడి రాబర్ట్ కోచ్ ఇన్‌స్టిట్యూట్ శవపరీక్షలు తగ్గించుకోమని చెప్పింది. చైనాలో కూడా వూహాన్‌లో రోగం మొదలై వారాలు గడిచినా శవపరీక్ష జరగలేదు. ల్యూ లియాంగ్ అనే ఫోరెన్సిక్ ప్రొఫెసర్ పట్టుబట్టి అడిగితే, 2020 ఫిబ్రవరి 16న మొదటిది జరిగింది.

తెరిచి చూసినవాళ్ళు

జర్మనీలో హాంబర్గ్ నగరం మాత్రం ఎదురుదారి పట్టింది. అక్కడి ఫోరెన్సిక్ విభాగం పెద్ద క్లాస్ ప్యూషెల్. నగరంలో కొవిడ్‌తో చనిపోయిన ప్రతి ఒక్కరినీ తెరిచి చూడాల్సిందేనన్నాడు. శవాలకు భయపడటం మా పని కాదు, అడగటం మా పని అన్నది ఆయన ధోరణి. మార్చి 22 నుంచి ఏప్రిల్ 11 మధ్య మొదటి 80 మందిని ఆయన బృందం పరీక్షించింది. సగటు వయసు 79. ఇద్దరు తప్ప అందరికీ ముందునుంచే వేరే జబ్బులున్నాయి.

అందులో మొదటి 12 మంది గురించిన వ్యాసం 2020 మే నెలలో వచ్చింది. ప్రపంచమంతా డాక్టర్లు ఉలిక్కిపడి చదివారు. ఎందుకంటే 12 మందిలో 7 మందికి కాళ్ళ సిరల్లో రక్తం గడ్డలున్నాయి. బతికున్నప్పుడు ఆ ఏడుగురిలో ఎవరికీ అది ఉందని డాక్టర్లు అనుమానించలేదు. 4 మందిలో ఆ గడ్డ కదిలి, రక్తంతో పాటు ప్రయాణించి, ఊపిరితిత్తుల పెద్ద గొట్టంలో ఇరుక్కుంది. వాళ్ళ చావుకు నేరుగా కారణం అదే.

ఇక ఇటలీ. ఫార్వర్డ్‌లోని ఇటలీ కాదు, నిజమైన ఇటలీ. మిలాన్, బెర్గామో నగరాల ఆసుపత్రులు 38 మంది మృతుల ఊపిరితిత్తుల ముక్కలను మైక్రోస్కోపు కింద చూశాయి. 33 మందిలో సన్నటి రక్తనాళాల్లో చిన్న చిన్న గడ్డలు కనిపించాయి. వాళ్ళెవరూ ఇది వైరస్ కాదని అనలేదు. వైరస్ చేసిన నష్టాన్నే వాళ్ళు వర్ణించారు. డబ్ల్యూహెచ్‌ఓకు ఎదురు తిరిగిందీ లేదు, 5జీ మాటే లేదు.

లోపల ఏముంది?

కొంచెం లోపలికి పోదాం. మన ఊపిరితిత్తి చివర కోట్ల కొద్దీ చిన్న గాలి బుడగల్లాంటి అరలు ఉంటాయి. వాటి గోడ చాలా పల్చన. గోడకు ఇటువైపు గాలి, అటువైపు రక్తం. ఆక్సిజన్ ఆ గోడ దాటి రక్తంలోకి పోతుంది. కొవిడ్ ముదిరినప్పుడు ఆ గోడ దెబ్బతింటుంది. నీరు, ప్రొటీన్లు కారి అరల్లో చేరతాయి. లోపలి గోడకు గాజులాంటి పొర ఒకటి అతుక్కుంటుంది. పాలు కాగితే మీగడ కట్టినట్టు అనుకోండి. ఆ పొర ఉంటే బయటినుంచి ఎంత ఆక్సిజన్ పెట్టినా లోపలికి సరిగ్గా పోదు.

అందుకే ఆ ఊపిరితిత్తులు బరువెక్కుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు ఊపిరితిత్తులూ కలిపి మామూలుగా కిలో లోపే. హాంబర్గ్ 12 మందిలో సగటు దాదాపు 2 కిలోలు. స్పాంజి లాగా మెత్తగా ఉండాల్సింది నీళ్ళు నిండి గట్టిపడింది.

అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇంకో పోలిక వచ్చింది. కొవిడ్‌తో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులు, ఫ్లూతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులు పక్కపక్కన పెట్టి చూశారు. రెండింట్లోనూ గాలి అరలు పాడయ్యాయి. కానీ సన్న రక్తనాళాల్లో గడ్డలు ఫ్లూ కన్నా కొవిడ్‌లో 9 రెట్లు ఎక్కువ. అంటే ఇది ఊపిరితిత్తి రోగమే కాదు, రక్తనాళాల లోపలి గోడను కూడా కొట్టే రోగం. ఈ మాట స్కానింగ్‌లో అంత తేటగా కనపడలేదు. చనిపోయినవాళ్ళ శరీరాలే చెప్పాయి.

మరి ఆస్పిరిన్?

గడ్డలు నిజమే కదా, మరి ఆస్పిరిన్ గోళీ వేసుకుంటే తప్పేంది? ఈ ప్రశ్న చాలామంది అడిగారు. మంచి ప్రశ్నే. శాస్త్రం కూడా దీన్ని కొట్టిపారేయలేదు, పరీక్షించింది. బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద ట్రయల్ జరిగింది. ఆసుపత్రిలో చేరిన దాదాపు 15 వేల మంది కొవిడ్ రోగులను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజూ ఆస్పిరిన్, ఇంకో గుంపుకు మామూలు చికిత్స. 28 రోజుల తర్వాత లెక్క తీస్తే రెండు గుంపుల్లోనూ చనిపోయింది 17 శాతమే. తేడా లేదు.

హెపారిన్ అనే ఇంజక్షన్ సంగతి వేరు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. ఆసుపత్రిలో ఉండి, ఇంకా ఐసీయూ దాకా పోని రోగులకు పూర్తి డోసు ఇస్తే మేలు కనిపించింది. అప్పటికే బాగా విషమించినవాళ్ళకు అదే పూర్తి డోసు ఇస్తే మేలు కనపడలేదు. చూశారా, గడ్డ ఉందని తెలియడం వేరు, ఏ మందు ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తెలియడం వేరు. శవపరీక్ష ప్రశ్నను ఇచ్చింది, ట్రయల్ జవాబు ఇచ్చింది. ఫార్వర్డ్ ఈ రెండోదాన్ని దాటేసి నేరుగా మెడికల్ షాపుకు పంపింది.

అదే రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ గురించి చెప్పింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో చావులను మూడో వంతు తగ్గించింది, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మేలు లేదు. ఈ చివరి మాట కూడా మన ఊళ్ళకు సరిగ్గా చేరలేదు. 2021లో జ్వరం రాగానే స్టెరాయిడ్ మింగినవాళ్ళు ఎంతమందో మీ ఊళ్ళో అడిగి చూడండి.

బ్యాక్టీరియా కథ ఎక్కడిది?

ఇక్కడ వందేళ్ళ వెనక్కి పోవాలి. 1918లో స్పానిష్ ఫ్లూ వచ్చింది. మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారు. అప్పుడు ఫ్లూకు కారణం వైరస్ అని ఎవరికీ తెలియదు. కానీ చాలాచోట్ల డాక్టర్లు శవపరీక్షలు చేశారు, రాసి పెట్టారు. అమెరికా సైన్యం చనిపోయిన సైనికుల ఊపిరితిత్తుల ముక్కలు చిన్న మైనపు దిమ్మల్లో దాచి పెట్టింది.

1997లో జెఫరీ టాబెన్‌బర్గర్ అనే శాస్త్రవేత్త బృందం ఆ మైనపు ముక్కల్లోంచి వైరస్ జన్యువుల తునకలు బయటికి తీసింది. 2005 నాటికి మొత్తం జన్యుక్రమం తేలింది. 2008లో ఆయన, ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి 1918 నాటి 58 మంది ఊపిరితిత్తుల ముక్కలు మళ్ళీ చూశారు. 8 వేలకు పైగా పాత శవపరీక్షల రిపోర్టులు చదివారు. తేలింది ఏమంటే, ఆనాడు చాలామందిని చంపింది వైరస్ ఒక్కటే కాదు. వైరస్ దారి తెరిస్తే, వెనకాల బ్యాక్టీరియా చేరి న్యుమోనియా తెచ్చింది.

చూడండి, 1918కి బ్యాక్టీరియా అన్న మాట చాలావరకు నిజం. 2020కి అది కాదు. తేడా ఎట్ల తెలిసింది? రెండుసార్లూ ఎవరో ఒకరు తెరిచి చూశారు కాబట్టి, చూసింది దాచి పెట్టారు కాబట్టి. తెరిచి చూడటం అనే పనికి మన హైదరాబాద్‌లో కూడా గొప్ప చరిత్ర ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ తెరిచింది మనిషిని కాదు, ఒక దోమ కడుపును. మలేరియా గుట్టు అక్కడ దొరికింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

మన దేశంలో ఎవరు చేశారు?

2020 రెండో సగంలో మన దేశంలోనూ కొందరు ముందుకొచ్చారు. ఎయిమ్స్ భోపాల్ అనుమతి తీసుకొని 21 మృతదేహాలకు పూర్తి శవపరీక్ష చేసింది. ఎయిమ్స్ ఢిల్లీ ఇంకో దారి పట్టింది. మొత్తం కోయకుండా, లావుపాటి సూదితో అవయవాల నుంచి చిన్న ముక్కలు తీసి 37 మందిని పరీక్షించింది. ఇంటివాళ్ళను ఒప్పించడానికి, సిబ్బంది భద్రతకు ఈ పద్ధతి సులువు.

మన పక్కనే బెంగళూరులో, 2020 అక్టోబర్‌లో, దినేశ్ రావు అనే ఫోరెన్సిక్ డాక్టర్ 62 ఏళ్ళ మనిషికి శవపరీక్ష చేశాడు. ఊపిరితిత్తులు తోలు బంతిలా గట్టిగా ఉన్నాయని ఆయన చెప్పిన మాట పేపర్లలో బాగా వచ్చింది. కానీ అందులో ఇంకో సంగతి ఉంది. చనిపోయి 18 గంటలైనా ముక్కులో, గొంతులో వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. చర్మం మీద మాత్రం దొరకలేదు.

దీనర్థం శవంతో అసలు ప్రమాదం లేదని కాదు. ముక్కు, నోరు నుంచి ద్రవాలు కారకుండా చూడాలి, ముట్టుకునేవాళ్ళు గ్లవ్స్ వేసుకోవాలి. కానీ శవం ఊపిరి తీయదు, దగ్గదు, తుమ్మదు. దూరంగా నిలబడి ముఖం చూసినవాళ్ళకు అది గాల్లోంచి వచ్చి అంటుకోదు. డబ్ల్యూహెచ్‌ఓ కూడా 2020 మార్చిలోనే కొవిడ్ శవాలను తప్పనిసరిగా దహనమే చేయాలన్నది అపోహ అని రాసింది.

మన దగ్గర ఏం జరిగింది?

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వచ్చాం.

తెలంగాణలో మొదటి కొవిడ్ మరణాన్ని 2020 మార్చి 28న ప్రకటించారు. 74 ఏళ్ళ పెద్దమనిషి. ఆయనకు కొవిడ్ ఉందని తెలిసింది చనిపోయాక చేసిన పరీక్షలోనే. అంటే మన రాష్ట్రంలో మొదటి మరణమే మృతదేహం చెప్పిన మాట. కానీ ఏప్రిల్ నెలలో మృతదేహాల నుంచి శాంపిళ్ళు తీయొద్దని ఆదేశాలు వచ్చాయి. దాని మీద కేసు పడింది. మే నెలలో హైకోర్టు ఆసుపత్రుల నుంచి బయటికి ఇచ్చే మృతదేహాలకు పరీక్ష చేయాలంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. జూన్‌లో సుప్రీంకోర్టు ఆ ఆదేశం మీద స్టే ఇచ్చింది. గమనించండి, ఇక్కడ గొడవ శవాన్ని కోయడం గురించి కాదు, ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీయడం గురించి. అది కూడా చాలామంది విషయంలో జరగలేదు.

అప్పుడు నిజాంసాగర్ మండలంలో ఒక మనిషికి ఊపిరాడకపోతే దారి ఏంది? బాన్సువాడ లేదా ఎల్లారెడ్డి. అక్కడ కాకపోతే కామారెడ్డి, నిజామాబాద్. అక్కడా కాకపోతే 140 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్న హైదరాబాద్, గాంధీ ఆసుపత్రి. చాలామంది ఇంటి మనిషిని అంబులెన్సు ఎక్కించిన క్షణమే ఆఖరి చూపు అయ్యింది. ఇక్కడి నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. అక్కడ కొవిడ్‌తో చనిపోతే చాలావరకు అక్కడే ఖననం. ఇంటికి ఫోన్ వచ్చింది, మనిషి రాలేదు.

2020 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీ తొట్టిలో శ్మశానానికి తీసుకుపోయారు. వీడియో దేశమంతా చూసింది, అధికారులు సస్పెండ్ అయ్యారు. జూలైలో మన నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఒక మృతదేహాన్ని ఆటోలో తీసుకుపోయిన వీడియో వచ్చింది. ఒకచోట శవాన్ని మట్టిని ఎత్తినట్టు ఎత్తేంత భయం. ఇంకోచోట ఏ జాగ్రత్తా లేని నిర్లక్ష్యం. రెండూ ఒకే దాంట్లోంచి పుట్టాయి. శవంలో ఏముందో, ఎంత ప్రమాదమో ఎవరికీ స్పష్టంగా తెలియదు.

ఇప్పుడు మార్చి 15 నాటి కేంద్ర మార్గదర్శకాలను మళ్ళీ తెరుద్దాం. శవపరీక్ష మానుకోండి అన్న అదే పత్రంలో ఇంకేముందో తెలుసా? సిబ్బంది జాగ్రత్తలతో బ్యాగు జిప్పు తీసి, ఇంటివాళ్ళకు ముఖం చూపించొచ్చు అని ఉంది. శరీరాన్ని తాకనవసరం లేని కర్మలు చేసుకోవచ్చు, మంత్రాలు చదవొచ్చు, తీర్థం చల్లొచ్చు అని ఉంది. స్నానం చేయించడం, కౌగిలించుకోవడం, ముద్దు పెట్టుకోవడం వద్దు. అస్థికలతో ఏ ప్రమాదమూ లేదు, తీసుకోవచ్చు అని కూడా ఉంది.

ఇది మొదటి రోజు నుంచీ ఉన్న రూలు. ఇప్పుడు చెప్పండి, మీ ఊళ్ళో ఎంతమందికి ముఖం చూపించారు?

మన ఆచారంలో దింపుడు కల్లం ఉంది. శ్మశానానికి పోయే దారిలో పాడె కిందికి దించి, చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఒకవేళ పానం ఉందేమో అని ఆఖరి ఆశ. అది కూడా ఒక రకం పరీక్షే. మనిషి నిజంగా పోయాడని మనసు ఒప్పుకునే పరీక్ష. మూడో రోజు పిట్టకు పెట్టడం, పదకొండో రోజు దినాలు, ఇవన్నీ దాని తర్వాతి మెట్లు. ప్లాస్టిక్ బ్యాగులో కట్టి, పేరు రాసి, దూరం నుంచి చూపించిన చోట ఆ మొదటి మెట్టే లేదు. లోపల ఉన్నది మా నాయనేనా అన్న అనుమానం కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ పోలేదు.

ఎంతమంది?

చివరగా లెక్క. చావుకు కారణం సరిగ్గా రాయకపోతే ఏమవుతుంది అన్నదానికి మన రాష్ట్రమే ఉదాహరణ. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు కొవిడ్ మృతుల కుటుంబాలకు సాయం ఇవ్వాలంది. 50 వేల రూపాయలని తేలింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు చనిపోతే, ఇంట్లో చనిపోయినా సరే, కొవిడ్ మరణంగా తీసుకోవాలన్నారు. 2022 జనవరికి తెలంగాణలో అధికారిక మరణాలు 4 వేల లోపు. సాయం కోసం వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు.

అన్నీ కొవిడ్ మరణాలే అని నేను అనను. 30 రోజుల రూలు కొంచెం పెద్ద వల. కానీ 4 వేలకూ 29 వేలకూ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. గుండెపోటు అని రాసిన సర్టిఫికెట్లు, ఆయాసం అని రాసినవి, అసలు ఏమీ రాయనివి, పరీక్షే చేయని చావులు ఈ దూరంలో ఉన్నాయి. హాంబర్గ్‌లో ఒకాయన గుండెపోటుతో పోయాడా, ఊపిరితిత్తిలో గడ్డతో పోయాడా అన్నది బల్ల మీద తేలింది. మన దగ్గర ఒక ఆడమనిషి భర్త ఎట్ల పోయాడో నిరూపించుకోడానికి ఫోన్‌లో పాత ఆర్టీపీసీఆర్ మెసేజ్ వెతుక్కోవాల్సి వచ్చింది. అది డిలీట్ అయితే అంతే.

వచ్చేసారి?

ప్రతి శవాన్నీ కోయాలని నేను అనడం లేదు. హాంబర్గ్‌లో 80 మంది, మిలాన్, బెర్గామోల్లో 38 మంది, భోపాల్‌లో 21 మంది. ఇంతమంది చాలు ప్రపంచానికి దారి చూపించడానికి. సూదితో ముక్క తీసే పద్ధతి ఉంది. కావాల్సింది సరైన గది, రక్షణ ఉన్న సిబ్బంది, ఇంటివాళ్ళను కూర్చోబెట్టి వివరించి ఒప్పించే డాక్టరు.

2020లో కామారెడ్డి జిల్లాలో మెడికల్ కాలేజీ లేదు. 2023 సెప్టెంబర్‌లో కామారెడ్డి ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. మెడికల్ కాలేజీ అంటే ఫోరెన్సిక్ విభాగం, పాథాలజీ విభాగం కూడా ఉండాలి. అంటే వచ్చేసారి ఇట్లాంటిదేదైనా వస్తే, మన జిల్లాలోనే తెరిచి చూసే చోటు ఉండే అవకాశం ఉంది. ఆ గదికి సరైన గాలి ఏర్పాటు ఉందా, సిబ్బందికి రక్షణ ఉందా అని ఇప్పుడే అడగాలి. రోగం వచ్చాక అడిగితే మళ్ళీ "మానుకోండి" అన్న జవాబే వస్తుంది.

ఇది చూస్తున్న మీలో ఎవరైనా ఆ రెండేళ్ళలో ఇంటి మనిషి ముఖం చూడకుండా సాగనంపి ఉంటే, ఒక మాట. మీరు భయపడ్డందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ భయం మీ ఒక్కరిది కాదు. తెలిసిన సంగతి మీదాకా రాలేదు, అంతే. ఆ రూలు కాగితం మీద ఉంది, మీ గుమ్మం దాకా ఎవరూ తేలేదు.

ఇక ఆ ఇటలీ ఫార్వర్డ్ మళ్ళీ ఏదో దేశం పేరుతో వస్తే, షేర్ కొట్టే ముందు మూడు అడగండి. ఏ ఆసుపత్రి? ఎంతమంది? మందు ఇచ్చి చూశారా, చూస్తే ఎంతమంది బతికారు? ఈ మూడింటికి జవాబు లేకపోతే అది అక్కడే ఆగనీయండి.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఆ రోజుల్లో ఏం జరిగిందో కింద రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.